వెనకటి నిల్వ

(పూర్వ విద్యార్థి, ఎం.కాం., 1979–81)

ఇంటి లెక్కలు రాసేవాణ్ని లోకం రెండు రకాలుగా చూస్తుంది. పెళ్ళికి ముందు బుద్ధిమంతుడంటుంది, పెళ్ళయ్యాక పిసినారంటుంది. నలభై ఏళ్ళుగా ఆ రెండో బిరుదు మోస్తున్నవాణ్ని గనక, ఈ సావనీరులో లెక్కల పుస్తకం గురించి రాసే అర్హత నాకుందనుకుంటాను. మిగతావాళ్ళు రాజకీయాల మీదో, సాహిత్యం మీదో, శేషాచలం కొండల అందం మీదో రాస్తారు. నాకు చేతనైంది పద్దు. అదీ కంప్యూటరులో రాసుకునే పద్దు. కంప్యూటరు మారినప్పుడల్లా ఆ పద్దును చెక్కుచెదరకుండా కొత్తదాంట్లోకి ఎట్లా తెచ్చుకోవాలన్న సంగతి. వినడానికి చప్పగానే ఉంటుంది. కాని మొన్నీమధ్య మేం ముగ్గురు తోడబుట్టినవాళ్ళం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పోయే గతి తప్పించింది ఆ చప్పటి సంగతే.

ముందు కాగితం కాలం గురించి నాలుగు మాటలు చెప్పాలి. మా నాయన చిత్తూరులో ఒక బెల్లం మండీలో గుమాస్తా. పగలు జరిగింది జరిగినట్టు చిట్టాలో రాసి, రాత్రి దీపం ముందర కూర్చుని ఖాతాల వారీగా ఆవర్జాకెక్కించేవాడు. రైతు తెచ్చిన బెల్లం, షావుకారు ముందుగా ఇచ్చిన బదులు, తరుగు, హమాలీ కూలి, అన్నీ అందులో ఉండేవి. ఏడాది తిరిగి కొత్త పుస్తకం తెరిచేటప్పుడు మొదటి పేజీకి పసుపు కుంకుమ పెట్టి, పైన ‘శ్రీ’ రాసి, దాని కింద మొదటి పద్దుగా ‘వెనకటి నిల్వ’ అని రాసేవాడు. ఆ ఒక్క అంకె వెయ్యడానికి పాత పుస్తకాన్ని పైనుంచి కిందికోసారి, కిందనుంచి పైకోసారి కూడి చూసేవాడు. పాత పుస్తకాన్ని మాత్రం పారెయ్యనిచ్చేవాడు కాదు. గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేవాడు.

నేను పుట్టకముందు సంవత్సరం, 1957 ఏప్రిల్ 1న, దేశమంతటా అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. ఇప్పటి విద్యార్థులకు ఇది పురాణకథలాగా ఉంటుంది. అంతకుముందు రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు దమ్మిడీలు. కొత్త పద్ధతిలో రూపాయికి నూరు నయాపైసలు. నూటిని పదహారుతో భాగిస్తే అణాకు ఆరుంపావు వస్తుంది. పావు పైసా నాణెం ఎక్కడా లేదు గదా! అందుకని సర్కారు ఒక పట్టిక వేసి, అణాకు ఆరు పైసలు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పందొమ్మిది, పావలాకు పాతిక అని చెప్పింది. చూడ్డానికి బాగానే ఉంది. మండీలో మాత్రం బస్తాకు అణా చొప్పున హమాలీ కూలి. పదహారు బస్తాలు మోసినవాడికి పద్దు పద్దుకూ ఆరేసి పైసలని మార్చుకుంటూ పోతే తొంభైఆరు పైసలవుతాయి. వాడికి న్యాయంగా రావలసింది రూపాయి. నాలుగు పైసలు గాలికిపోయినట్టే. నూరుమంది కూలీలున్న మండీలో ఆ గాలి ఎవరి జేబులోకి వీస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

మా నాయన చేసిందేమంటే, పద్దుల జోలికి పోలేదు. పాత పుస్తకాన్ని అణాల్లోనే ముగించి, ఒక్కొక్క ఖాతాకు నిల్వ తేల్చి, ఆ నిల్వను మాత్రమే ఒక్కసారి పైసల్లోకి మార్చి కొత్త పుస్తకంలో వేశాడు. వేసేముందు ప్రతి ఖాతాదారుణ్నీ పిలిచి పాత అంకె చూపించి, కొత్త అంకె చూపించి, ‘సరే’ అనిపించుకున్నాడట. కొన్నేళ్ళు రెండు రకాల నాణేలూ చెల్లుబాటయ్యాయి. 1964లో ‘నయా’ అన్న మాటా పోయి ఉత్త పైసలే మిగిలాయి. ఈ కథ నాయన నాకు ఒకసారి కాదు, ఇరవైసార్లు చెప్పాడు. విని విని విసుక్కునేవాణ్ని. ఎం.కాం.కి తిరుపతి వచ్చాక, తెలుగు అకాడమీ వాళ్ళ పుస్తకాల్లో జంటపద్దు విధానం, అంకణా, ఆస్తి అప్పుల పట్టీ అని చదువుతుంటే, మా నాయన చిట్టా ఆవర్జాలకే వీళ్ళు చొక్కా తొడిగారే అనిపించింది. లెక్చరర్లు క్షమించాలి!

నా సొంత లెక్కలు 2008 దాకా నోటుపుస్తకాల్లోనే సాగాయి. ఆ ఏడు కంప్యూటరు కొన్నప్పుడు గ్నూక్యాష్ అనే ఉచిత ప్రోగ్రామును ఎక్కించుకున్నాను. విండోస్ మీద నడిచే గ్నూక్యాష్ 2007లోనే వచ్చింది. జంటపద్దు పద్ధతిలోనే నడుస్తుంది గనక కామర్సు మేష్టరుకు పరాయిగా తోచలేదు. దాంట్లో మా ఇంటి ఖర్చుతోపాటు ‘చిత్తూరు ఇల్లు’ అని ఒక పెద్ద పద్దు తెరిచాను. నాయన పోయాక అమ్మ ఒక్కతే ఆ ఇంట్లో ఉండేది. నేను తిరుపతిలో, చెల్లెలు మదనపల్లెలో, తమ్ముడు బెంగుళూరులో. అమ్మ మందులు, పనిమనిషి జీతం, ఇంటిపన్ను, 2011లో మిద్దె మీద వేసిన గది, 2016లో బోరు, ఎవరెంత పెట్టారో అంతా అందులో ఉంది. అమ్మ 2023లో పోయింది. ఇల్లు అమ్ముదామని ముగ్గురం అనుకున్నాం. అమ్మితే వచ్చేదాంట్లో ముందు ఎవరు పెట్టింది వాళ్ళకు పోవాలి, తర్వాతే పంపకం. అదీగాక ఇల్లమ్మిన లాభం మీద పన్ను లెక్కకట్టేటప్పుడు, 2001 ఏప్రిల్ 1 తర్వాత ఆ కట్టడం మీద పెట్టిన ఖర్చుకు రసీదుంటే కలుపుకోవచ్చు. అంటే పదిహేడేళ్ళ ఆ ఫైలు ఇప్పుడు ఉత్త ఫైలు కాదు, డబ్బు.

సరిగ్గా అప్పుడే కంప్యూటరు మార్చవలసి వచ్చింది. విండోస్ 10కి భద్రతా మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆపేశారు. (కావాలన్నవాళ్ళకు ఇంకో ఏడాది పొడిగింపు ఇచ్చారు. అది నాలాంటి నిదానస్తుల కోసమే ఇచ్చారని నా నమ్మకం.) విండోస్ 11 వేద్దామంటే నా పాత మిషను ఒప్పుకోలేదు. దానికి టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, కొత్త రకం ప్రాసెసరు కావాలి. ఇది మొదటిసారేమీ కాదు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న సెలవిచ్చారు, విండోస్ 7కి 2020 జనవరి 14న ఇచ్చారు. అయిదారేళ్ళకోసారి ఇంటి ఓనరు ఖాళీ చెయ్యమన్నట్టు మనం సామాన్లు సర్దుకోవలసిందే.

షాపుకు పోతే అక్కడి కుర్రాడు బహు ఉత్సాహంగా చెప్పాడు: “అదంతా మేం చూసుకుంటాం సార్. డేటా కాపీ కొట్టేసి, పాతదాన్ని ఫార్మాట్ చేసి ఎక్స్ఛేంజిలో తీసేసుకుంటాం. అరగంట పని.”

“లెక్కల ప్రోగ్రాము?”

“లేటెస్టుది ఏసిస్తాం సార్. పాతది ఎందుకు మీకు?”

వాడి తప్పేమీ లేదు. వాడి దృష్టిలో కంప్యూటరు వస్తువు. నా దృష్టిలో అది అటక. అరగంటలో ఎవరైనా అటక ఖాళీ చేసిస్తామంటే గుండె దడదడలాడదూ?

ప్రోగ్రాము వేరు, డేటా వేరు, వాటిని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ వేరు. ఈ మూడూ ఒకటే అనుకోవడం దగ్గరే చిక్కంతా మొదలవుతుంది. ప్రోగ్రాము గుమాస్తా అనుకోండి. వాడు సొంతంగా ఏదీ చెయ్యలేడు. పుస్తకం తియ్యాలన్నా, తెర మీద అంకె చూపాలన్నా, ప్రింటరుకు పంపాలన్నా షావుకారును, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ను, అడగాలి. షావుకారు మారి, పాత మాట ఆయనకు అర్థం కాకపోతే గుమాస్తా నోరు మూగబోతుంది. 64 బిట్ల విండోస్‌లో పాత 16 బిట్ల ప్రోగ్రాములు అసలు కదలవు. విండోస్ 11 వచ్చేదే 64 బిట్లలో. ఆపిల్ వాళ్ళు 2019లో కేటలీనాతో 32 బిట్ల ప్రోగ్రాములన్నిటికీ తలుపు మూసేశారు. ఒక్కోసారి షావుకారు ఉన్నా గుమాస్తాయే మానేస్తాడు. మైక్రోసాఫ్ట్ మనీ అనే ఇంటిలెక్కల ప్రోగ్రాము అమ్మకం 2009లో ఆగిపోయింది. నయమేమంటే, పాత వాడకందారులు తమ ఫైళ్ళు తెరుచుకోవడానికి మరుసటి ఏడు ఒక ఉచిత ప్రతి వదిలారు. అందరూ అంత మర్యాద పాటిస్తారన్న హామీ లేదు.

మా మిత్రుడొకాయన ఉన్నాడు, ఎకనామిక్సు చెప్పి రిటైరైనవాడు. 1996 నుంచి ఒక డాస్ ప్రోగ్రాములో లెక్కలు రాశాడు. ఆ ప్రోగ్రాము చేసినవాళ్ళు దుకాణం కట్టేసి ఎన్నేళ్ళయిందో! డేటా ఉంది, ప్రోగ్రామూ ఉంది, రెండూ నడిచే మిషను మాత్రం చచ్చేస్థితికి వచ్చింది. చివరికి మనవడు డాస్‌బాక్స్ అనే ఉచిత సాధనంతో కొత్త లాప్‌టాప్‌లోనే పాత డాస్‌ను బతికించి, ప్రోగ్రామును తెరిచి, ప్రతి ఖాతానూ ప్రింటరుకు బదులు ఉత్త టెక్స్టు ఫైలుగా దింపుకున్నాడు. మూడు రాత్రులు పట్టింది. ‘అదృష్టవంతుణ్నబ్బా’ అని మిత్రుడి సంబరం. నిజమే. డిస్కు ఇంకో నెల ముందే పోయుంటే అదృష్టమన్న మాటకు తావుండేది కాదు.

ఇంకో మాట. తిరుమల గుడి గోడల మీద వందలకొద్దీ శాసనాలున్నాయి. అందులో చాలావాటిని లెక్కల పుస్తకాలనే అనొచ్చు. ఫలానావారు ఇన్ని నర్‌పణాలు ఇచ్చారు, దానికి ఫలానా రోజున ఫలానా నైవేద్యం జరగాలి, ప్రసాదంలో ఎవరి వంతు ఎంత అని రాసుంటుంది. రాయి కదా, అక్షరం చెరిగిపోలేదు. కాని ఎక్కువ భాగం పాత తమిళం. క్యూలో ఆ గోడల పక్కనే నడిచిపోయే మనలో ఎంతమందిమి ఒక్క వరసైనా చదవగలం? సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి వంటివారు కూర్చుని చదివి, దేవస్థానం వాళ్ళు 1930ల్లో సంపుటాలుగా అచ్చువేస్తేగాని అవి మళ్ళీ లోకానికి పద్దులు కాలేదు. చెక్కిన అక్షరం ఉన్నంతమాత్రాన సరిపోదు, చదివేవాడూ బతికుండాలి. ఫైలు సంగతీ అంతే. పెన్‌డ్రైవులో భద్రంగా ఉందని నిశ్చింతగా ఉండేవాళ్ళు దాన్ని తెరిచే ప్రోగ్రాము ఎక్కడుందో కూడా ఒకసారి చూసుకోవాలి.

గ్నూక్యాష్‌లో ఈ విషయంలో ఒక సుళువుంది. మామూలుగా అది డేటాను ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే టెక్స్టు రూపంలోనే, కుదించి, దాస్తుంది. విప్పితే మామూలు ఎడిటరులో చదువుకోవచ్చు. ప్రోగ్రాము లేకపోయినా తేదీ, మొత్తం, ఖాతా కళ్ళకు కనిపిస్తాయి. చిక్కు ఎక్కడంటే, నాది 2.6 వరుస ప్రతి. ఆ వరుస 2013 డిసెంబరులో మొదలైంది. ఆ తర్వాత 2018లో 3, 2020లో 4, 2023లో 5 వచ్చాయి. పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి ఒక్క గెంతులో దూకొద్దు, ఒక్కొక్క వరుసా ఎక్కుతూ రమ్మని దాన్ని తయారుచేసినవాళ్ళే సలహా ఇస్తారు. ప్రతి వరుసా తనకు ముందున్నదాని రాతను తనకు కావలసినట్టు మార్చుకుంటుంది. కొత్తది రాసింది పాతది చదవగలదన్న నమ్మకం లేదు. అలిపిరి మెట్లలాంటిదే ఇదీ. ఎక్కడం ఒక్కో మెట్టు మీదుగానే.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలన్నారు. పాత మిషను ఇంకా ఆరోగ్యంగానే ఉంది. కాబట్టి పని దాని మీదే మొదలుపెట్టాలనుకున్నాను. ఇంతలో మదనపల్లె నుంచి మా చెల్లెలి భర్త ఫోను. మామూలుగా కుశలప్రశ్నల తర్వాత మెల్లగా అన్నాడు: “కంప్యూటరు మారస్తా ఉండావంట గదా బావా? ఏమనుకోవద్దు. కాగితమైతే కొట్టేసింది కనపడతాది. మిషన్లో ఏం కనపడతాది చెప్పు?”

కోపం రావలసిన మాటే. ఒక పూటంతా వచ్చింది కూడా. సాయంత్రానికి, ఆ మనిషి అడిగింది న్యాయమైన ప్రశ్నేననిపించింది. చిట్టాలో కొట్టివేత దాగదు, సిరా రంగు దాగదు. తెర మీద అన్ని అంకెలూ ఒకేలాగా అప్పుడే పుట్టినట్టు మెరుస్తుంటాయి. రేపు కొత్త మిషనులో ఒక్క వెయ్యి రూపాయలు తేడా వచ్చినా, ‘అది ప్రోగ్రాము చేసిందిలే’ అని నేను చెప్తే, నా తోడబుట్టినదైనా ఎందుకు నమ్మాలి?

మా నాయన ఖాతాదారుల్ని పిలిచింది అందుకే గదా. చెల్లెల్నీ బావగార్నీ రమ్మన్నాను. వాళ్ళు వచ్చేలోపల పాత ప్రోగ్రాములో ఒక్కటంటే ఒక్క అక్షరం కూడా మార్చకుండా, 2009 నుంచి 2025 దాకా ప్రతి మార్చి 31 నాటి అంకణా, ‘చిత్తూరు ఇల్లు’ కింద ఎవరి ఖాతాలో ఎంత నిల్వ ఉందో ఆ పట్టీ, కాగితం మీద ప్రింటు తీశాను. పదిహేడేళ్ళకు పదిహేడు మార్చి ముప్ఫైఒకటులు. చెల్లెలు ఒక్కో కాగితం చూసి, తనకు గుర్తున్నవి రసీదులతో పోల్చి, అడుగున సంతకం పెట్టింది. బావగారు కూడా పెట్టాడు. మా ఆవిడ ఉప్మా పెట్టింది. ఇది జరిగాకే నేను మౌసు పట్టుకున్నాను.

తర్వాతిదంతా నిదానపు పని, పది రోజులు పట్టింది. ప్రోగ్రామును మూసేసి డేటా ఫైలును మూడు చోట్ల పెట్టాను. ఒకటి బయటి డిస్కులో, ఒకటి పెన్‌డ్రైవులో, ఒకటి చెల్లెలితో మదనపల్లెకు. అన్నీ ఒకే ఊళ్ళో ఉంటే లాభం లేదు. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు వాగులై పల్లపు కాలనీల్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చిన సంగతి ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఫైలు పక్కనే 2.6 ప్రోగ్రాము ఇన్‌స్టాలరును కూడా పెట్టాను. అది లేకుండా ఫైలొక్కటీ దాచడమంటే పెట్టె దాచి తాళంచెవి పారేసుకోవడమే. దాచినవాటిలో ఒకదాన్ని పక్కింటి విద్యార్థి లాప్‌టాప్‌లో తెరిపించి చూశాను. తెరిచి చూడని బ్యాకప్పును నేను బ్యాకప్పనను.

ఆపైన, పాత మిషను మీదే, అసలు ఫైలును ముట్టుకోకుండా ఒక నకలు తీసుకుని 3వ వరుసలోని ఆఖరి రిలీజుతో తెరిచాను. ఇన్‌స్టాలర్లన్నీ ప్రాజెక్టువాళ్ళ సొంత చోటు నుంచి దింపుకున్నవే. ఎవరి పెన్‌డ్రైవులోంచో వచ్చిన ప్రతిని లెక్కల జోలికి రానివ్వకూడదు. తెరిచిన ఫైలును కొత్త పేరుతో సేవ్ చేసి, మళ్ళీ పదిహేడు పట్టీలూ తీసి, సంతకాల కాగితాలతో అంకె అంకె పోల్చాను. కుదిరింది. తర్వాత 4. కుదిరింది. తర్వాత 5. అదీ కుదిరింది. ప్రతి మెట్టు దగ్గరా మా ఆవిడ అంకె చదువుతుంటే నేను టిక్కు పెట్టాను. ‘ఇంత చదువు ఎం.కాం.లో చదివుంటే గోల్డ్ మెడలొచ్చేది’ అని ఆమె వ్యాఖ్య.

కొత్త మిషను ఇంటికొచ్చాక ముందుగా దానికి మన దేశం పేరు చెప్పాను. కొన్ని మిషన్లు అమెరికా తేదీ పద్ధతితో, నెల ముందు రోజు వెనక, వస్తుంటాయి. నాది అట్లాగే వచ్చింది. అది దిద్దాకే 5వ వరుస వేసి, పాత మిషనులో ఆ మెట్టుదాకా వచ్చిన ఫైలును తెరిచాను. నిల్వలన్నీ ఉన్నాయి. నేను ఏళ్ళ తరబడి నాకు కావలసినట్టు కుదుర్చుకున్న రిపోర్టులు మాత్రం లేవు. కంగారు పడనక్కర్లేదు, అవి డేటా ఫైలులో ఉండవు. వాడకందారు పేరు మీదున్న వేరే ఫోల్డరులో ఉంటాయి. ఫైలొక్కటే కాపీ కొట్టే అరగంట కుర్రాళ్ళకు ఈ ఫోల్డరు గుర్తురాదు.

మండీల్లో, ఆడిటర్ల దగ్గర టాలీ వాడేవాళ్ళు ఇదంతా చూసి నవ్వుకోవచ్చు. వాళ్ళకు ఇది కొత్త కాదు. 1986లో బెంగుళూరులో మొదలైన ఆ ప్రోగ్రాము డాస్ నుంచి విండోస్‌కూ, అక్కణ్ణుంచి 2020లో టాలీప్రైమ్‌కూ వచ్చేదాకా చిత్తూరు గుమాస్తాలు ఎన్నోసార్లు డేటాను కొత్త రూపానికి మార్చుకున్నారు, ముందు బ్యాకప్పు తీసుకుని. ఇంటిలెక్కల వాళ్ళకే ఆ అలవాటు తక్కువ. దుకాణానికి ఆడిటరుంటాడు, ఇంటికి ఎవరుంటారు?

అసలు తమాషా తమ్ముడి పద్దులో బయటపడింది. 2016 నుంచి 2019 దాకా అమ్మ బెంగుళూరులో వాడి దగ్గరే ఉంది. ఆ మూడేళ్ళూ చిత్తూరు ఇంటి ఖర్చు వాడే పెట్టి, ఫోనులో ఒక యాప్‌లో రాసుకున్నాడు. ఆ యాప్ కాలధర్మం చెందేముందు లెక్కంతా సీఎస్‌వీ ఫైలుగా దింపుకున్నాడు. సీఎస్‌వీ అంటే కామాలతో విడగొట్టిన ఉత్త అక్షరాల వరుస. అందులో తేదీ కూడా అక్షరాలే. ఏది రోజు, ఏది నెల అని దానికి తెలియదు. నా పుస్తకంలో ఇన్నాళ్ళూ వాడి మొత్తాలే ఉండేవి. అమ్మకం ముందు పద్దులు విడివిడిగా చేర్చుదామని అడిగితే, దాన్ని తన లాప్‌టాప్‌లో స్ప్రెడ్‌షీటులో తెరిచి, సర్ది, నాకు పంపాడు. వాడి లాప్‌టాప్‌ది అమెరికా తేదీ. 17వ తేదీ, 25వ తేదీ లాంటివాటిని అది నెలలుగా పోల్చుకోలేక అట్లాగే వదిలేసింది. వాడు చూసి దిద్దాడు. పన్నెండు, అంతకు తక్కువ తేదీలను మాత్రం నోరెత్తకుండా తిరగేసింది. సాఫ్టువేరు కంపెనీలో పనిచేసేవాడి కళ్ళు కూడా కప్పింది.

నేను దాన్ని విడిగా ఒక నకలు పుస్తకంలో ఎక్కించి కూడితే ఆఖరి నిల్వ రూపాయి తేడా లేకుండా సరిపోయింది. సరిపోక ఏంచేస్తుంది? తేదీలు ఏ మూలకు పోయినా మొత్తం మొత్తమే గదా. చాలామంది ఇక్కడ ఆగిపోయి సంతోషపడతారు. కాని ఏటేటా మార్చి 31 రాత్రి తమ్ముడు ఫోను చేసి నిల్వ చెప్పడం, నేను కాగితం మీద రాసుకోవడం మా ఇంట్లో ఉగాదంత పాత ఆచారం. ఆ కాగితంతో చూస్తే 2017 మార్చి 31 నిల్వ 4,860 రూపాయలు తేడా. వెతికితే, 2017 ఏప్రిల్ 3న కట్టిన ఇంటిపన్ను మార్చి 4కి వెళ్ళి కూర్చుంది. మూడు, నాలుగు తారుమారైతే ఒక నెల కాదు, ఆర్థిక సంవత్సరమే మారిపోతుంది! మరో ఏట జూన్ 5 నాటి పద్దు మే 6కు పోయింది గాని అది అదే ఏడాదిలో ఉండిపోయి పట్టుబడలేదు. మొదటిది దొరికాక అన్నీ తిప్పి చూస్తే అదీ దొరికింది. తమ్ముడికి ఫోను చేస్తే కాసేపు మాట్లాడలేదు. “అన్నా, మొత్తం టాలీ అయింది గదన్నా?” అన్నాడు. అయింది నాయనా, మార్చి 31లు కాలేదు.

ఇప్పుడు ఊహించండి. ఆ ఫైలే నేరుగా పుస్తకంలో కలిసిపోయి, ఆడిటరు ముందర బావగారు 2017 పట్టీ అడిగి, తన దగ్గరున్న రసీదు మీద ఏప్రిల్ అనీ పుస్తకంలో మార్చి అనీ చూస్తే! 4,860 రూపాయలు పెద్ద డబ్బేమీ కాదు. ఆ తర్వాత మిగతా పదహారేళ్ళ మీదా పడే అనుమానానికి మాత్రం లెక్కలేదు. తమ్ముడు అసలు సీఎస్‌వీ చెరపలేదు గనక సరిపోయింది. దాన్నుంచి మళ్ళీ, ఈసారి రోజు–నెల–సంవత్సరం అని ముందే చెప్పి, ఎక్కించాం. 2017, 2018, 2019, మూడు మార్చి 31లూ కాగితంతో కలిశాయి. అప్పుడే అసలు పుస్తకంలోకి రానిచ్చాను.

తెలుగులో పద్దులు రాసుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పేస్తాను. నాయన అలవాటు కొద్దీ నేను ‘హమాలీ’, ‘తరుగు’, ‘అమ్మ మందులు’ అని తెలుగులోనే రాస్తాను. యూనికోడ్ గనక ఎన్ని మిషన్లు మారినా అక్షరం నిలిచింది. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో రాసుకున్నవాళ్ళ తెలుగు, ఆ ఫాంటు లేని మిషనులో పిచ్చిగీతలై కూర్చుంటుంది. అంకెలుంటాయి, అవి దేని తాలూకో తెలియదు. అట్లాంటి ఫైళ్ళున్నవాళ్ళు ఆ ఫాంటు పనిచేస్తుండగానే మార్చుకోవడం మేలు.

నవంబరు ఆఖరులో చెల్లెలు, బావగారు మళ్ళీ వచ్చారు. సంతకాల కాగితాలు ఒక పక్క, కొత్త ప్రింటు ఒక పక్క పెట్టి, బావగారే చదివాడు, చెల్లెలు టిక్కు పెట్టింది. నన్ను దూరంగా కుర్చీలో కూర్చోమన్నారు. గంటన్నర పట్టింది. 2011 గది ఖర్చు దగ్గర ఇద్దరూ కొంచెం ఆగి, సిమెంటు రసీదు మళ్ళీ చూశారు. పదిహేడో పట్టీ అయ్యాక బావగారు కళ్ళజోడు తీసి, “ఈ ప్రోగ్రాము మాకూ ఏసియ్యి బావా. మా అన్నదమ్ముల లెక్కొకటుండాది, టమోటా తోటది. అది ఇంతకన్నా యవ్వారం” అన్నాడు.

వేసిచ్చాను. వాళ్ళది కొత్త లెక్క గనక 5వ వరుసతోనే మొదలు. తోట వెనకటి నిల్వ ఎంతో తేల్చడానికే అన్నదమ్ములు మూడు ఆదివారాలు కూర్చున్నారని చెల్లెలు ఫోనులో చెప్పింది.

పాత మిషన్ని నేనింకా ఇచ్చెయ్యలేదు. వైర్లు పీకి, మంచం కింద గుడ్డ కప్పి పెట్టాను. షాపు కుర్రాడు రెండుసార్లు ఫోను చేసి, “ఎక్స్ఛేంజి రేటు తగ్గిపోతా ఉంది సార్” అన్నాడు. తగ్గనీ. కొత్తదాంట్లో తొలి మార్చి 31 దాటాలి. ఆ నిల్వ కాగితం మీదికెక్కి, దాని కింద ముగ్గురి సంతకాలూ పడాలి. ఆ తర్వాత దాని డిస్కు తుడిచేసి, వాడికి నేనే కబురు చేస్తాను.